నెట్ డబ్బాకు దసరా బొట్టు

నల్లగొండలో మా ఇంట్లో కూర్చునే కొల్లాపూర్ దగ్గరి పత్తి మిల్లులో ట్రాక్టర్లను తూచే కాంటా కంప్యూటర్‌ను చూసుకుంటానంటే మిల్లు సేటు నవ్వాడు. "ఇంట్ల కూసొని మిల్లు ఎట్ల చూస్తవమ్మా? సరే, ఒక్కసారి కాంటా ఆగిందంటే మాత్రం పని హైదరాబాదోళ్లకు ఇస్త" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పూటంతా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని పోయి, పది నిమిషాల పని చేసి తిరిగొచ్చే బతుకు ఇక వద్దనుకున్నాను.

దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లడానికి పోర్టు అని ఒక నంబరు ఉంటుంది, తలుపులాంటిది. అందరికీ తెలిసిన నంబరే ఉంచితే దారిన పోయే ప్రతివాడూ తట్టి చూస్తాడు. అందుకని వేరే నంబరు ఎంచుకుని, దానితో వచ్చినవాళ్లను కాంటా కంప్యూటర్ దగ్గరికి పంపేలా అక్కడ నెట్ ఇచ్చే రూటర్ డబ్బాను సర్ది వచ్చాను. ఏడాది బాగానే నడిచింది.

దసరా మరునాడు పొద్దున్నే కాంటా దగ్గర కూర్చునే పెద్దాయన ఫోన్ చేశాడు. తూకం చీటీలు రావడం లేదు, పత్తి ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డాయి. లోపలికి పోబోతే నా తలుపు తెరుచుకోలేదు. అక్కడ కరెంటూ ఉంది, నెట్టూ ఉంది.

"కాకా, నిన్న ఏమన్న ముట్టుకున్నవా?"

"ఏం లేదు బిడ్డా. ఆయుధపూజ గద, అన్నీ తుడిచి బొట్లు పెట్టిన. గా నెట్ డబ్బా ఎనుక సన్న బొక్కల దుమ్ముంటే పిన్నీసుతోని పొడిచి తీసిన."

ఆ బొక్కలో పొడిస్తే రూటర్‌కు మనం నేర్పిందంతా చెరిగిపోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సెక్కితే చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అంతదాకా సేటు ఊరుకోడు. పోయేదే లేదు, ఇక్కడి నుంచే చేస్తానని నడుం బిగించాను.

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా."

"అంకెలు వస్తయి గద కాకా? చాలు."

మా ఇంట్లోదీ అదే రకం రూటర్. దాన్ని సర్దే పేజీ నా ముందు తెరిచి పెట్టుకుని, కాంటా కంప్యూటర్‌లో కాకాతో అదే పేజీ తెరిపించి, ఎడమ దిక్కు ఎన్నో వరుస నొక్కాలో, ఏ గడిలో ఏ అంకె కొట్టాలో ఫోన్‌లో చెప్పుకుంటూ పోయాను. ఆయన రోజంతా తూకాలు చదివే మనిషి. చెప్పిన ప్రతి అంకెనూ తిరిగి చదివి వినిపించాడు, ఒక్కటీ తప్పలేదు. రెండుసార్లు వరుస తప్పు చెప్పింది నేను, విసుక్కున్నదీ నేనే.

"బిడ్డా, తెర మీద బాణం దానంతట అదే తిరుగుతాంది!" అని అరిచాడు.

నా తలుపు తెరుచుకుంది, తిప్పుతున్నది నేను. కళ్లలో నీళ్లు తిరిగాయి. రూటర్ చెరగడంతో ప్రింటర్ దారి తప్పి ఆగిన చీటీలను కదిలించి, మొదటి ట్రాక్టర్ తూకం అయ్యేదాకా ఫోన్ పెట్టలేదు.

ట్రాక్టర్ల వరుస సంగతి తెలిసి సేటు కాకాకు ఫోన్ చేశాడట, హైదరాబాదోళ్లను పిలవాలా అని.

"ఎందుకు సేటూ? మన నల్లగొండ బిడ్డ వచ్చి పని చేసి పోయింది" అన్నాడట.