ఎడమ మూలకు బంతి

నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో ఒక చాయ్ హోటల్ ఉంది. పొద్దున ప్రాక్టీసు అయ్యాక నేను అక్కడే కూర్చుంటాను. మొన్న పక్క బల్ల దగ్గర కాలేజీ కుర్రాళ్లు ఫోన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తూ కొట్టుకున్నంత పని చేశారు. పెద్ద స్టార్ పక్కన ఆడితే మామూలు ఆటగాడు బాగుపడతాడా, చెడిపోతాడా అన్నది వాళ్ల గొడవ.

"స్టార్ ఉంటే అందరి ఆట లేస్తది రా" అన్నాడొకడు.

"లేసుడేంది? అందరు నిలవడి సూస్తుంటరు, గంతే" అన్నాడింకొకడు.

నా నోరు ఊరుకోదు. "మీల ఎవరన్న ఒక స్టార్ పక్కన ఆడిన్రా?" అని అడిగాను. "లేదు ఆంటీ" అన్నారు. ఆంటీ అన్నందుకు ఒళ్లు మండింది. చాయ్ సగంలోనే వదిలేసి లేచొచ్చాను. నేను ఆడాను, అదీ ఏళ్ల తరబడి. దాన్నుంచి నాకు మిగిలిందల్లా మా కోర్టులో ఒక మూల. ఆ మూలంటే నాకు ఇప్పటికీ భయం.

ఆబిడ్స్ నుంచి స్టేషన్ వైపు నడిచే సందుల్లో ఒకదాని చివర ఉంటుంది మా కోర్టు. రెండు పక్కలా ఎత్తు గోడలు, సిమెంటు నేల, ఆ కొసకొకటి ఈ కొసకొకటి ఇనుప రింగులు. గోడ అవతల నుంచి రైళ్ల అనౌన్స్‌మెంట్లు వినిపిస్తాయి. వచ్చే రైలు పేరు, పోయే రైలు పేరు చెప్పి ఆ గొంతు టక్కున ఆగిపోతుంది. మా నాన్నకు ఆబిడ్స్‌లో పెన్నుల దుకాణం. "దుకాణంల మనిషి తక్కువయ్యి నేను సస్తుంటే, నువ్వు గాడ గెంతులేస్తున్నవా" అని రోజూ సుప్రభాతం పాడేవాడు. నేను బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఔ నాన్నా, ఔ నాన్నా అనేదాన్ని.

మా జట్టులో ఒక అమ్మాయి ఉండేది. నాకంటే కొంచెం పెద్దది. అందరం అక్క అనే పిలిచేవాళ్లం. వాళ్లది పాలమూరు వైపు పల్లె. వాళ్ల నాన్న స్టేషన్ దగ్గర లాడ్జిలో వాచ్‌మన్. మనిషి ఎంత పొడుగంటే మా దుకాణంలోకి వస్తే గుమ్మం దగ్గర వంగేది. స్టేషన్ వైపు రింగుకు ఎడమ మూల, గోడ పక్కన, ఆమె చోటు. అక్కడ ఆమె చేతిలో బంతి పడిందంటే ఇక మేం రింగు వైపు చూసేవాళ్లం కాదు, వెనక్కి పరుగు మొదలుపెట్టేవాళ్లం. వల గుసగుసలాడిన చప్పుడు వెనకనుంచి వినిపించేది.

మాకు ఆట నేర్పిన సార్ రిటైరైన గుమాస్తా. ఆయనకు ఒక పిచ్చి పద్ధతి ఉండేది. మా చున్నీలు మా కళ్లకే కట్టించి, బంతిని ఎడమ మూలకు వెయ్యమనేవారు. మొదట్లో అక్క అక్కడ నిలబడి చప్పట్లు కొట్టేది, ఆ చప్పుడుకు వేసేవాళ్లం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. కొన్నాళ్లకు సార్ చప్పట్లు ఆపించేశారు.

"సప్పుడు లేకుంటే ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగాను.

"తెలుసుడు ఎందుకు? నువ్వు సూస్తే అవతలోళ్లకు గూడ తెలుస్తది. అక్క గాడ్నే ఉంటది. ఉంటదని నమ్ము, ఎయ్యి."

నమ్మాం. చీకట్లోకి బంతి వదిలితే అవతల రెండు చేతులు దాన్ని పట్టుకున్న మెత్తని చప్పుడు వచ్చేది. ఒక్కసారీ తప్పేది కాదు. ఆ తర్వాత చున్నీలు లేకుండా ఆడినా ఎవరం చూసేవాళ్లం కాదు. ఊళ్లో మాకు ఎదురు లేకుండా పోయింది. బషీర్‌బాగ్ కాలేజీ వాళ్లు, హిమాయత్‌నగర్ వాళ్లు మమ్మల్ని చూసి, ఆ పొడుగామె పక్కన ఆడి వీళ్లు కూడా ఎంత బాగుపడ్డారో అనేవాళ్లు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు మేమూ కాలర్ ఎగరేసేవాళ్లం.

నాకు లోపల మాత్రం ఒకటే మంట. నేను ఆడుతున్నానా, లేక ఆమె ఆటకు నా చేతులు అరువిచ్చానా? ఎవరైనా నన్ను అట్లా నమ్మి, చూడకుండా, నాకు ఒక్క బంతి వెయ్యాలని ఉండేది. వింటే నవ్వొచ్చే కోరికే. అయినా ఆ ఒక్కటి జరిగితే చాలు, నేనూ ఆటగత్తెనే అని నాన్న మొహం మీద చెప్పగలననిపించేది.

తర్వాత అక్కకు ఆటగాళ్ల కోటాలో పక్క రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. సార్ సమోసాలు తెప్పించారు. అందరం ఏడ్చాం. నా ఏడుపులో కొంచెం సంతోషం కూడా కలిసింది, దాచడమెందుకు.

మర్నాడు పొద్దున తుంపర. ప్రాక్టీసు మొదలైంది. బంతి నా చేతికొచ్చింది, వెంటనే ఎడమ మూలకు వెళ్లిపోయింది. గోడకు తగిలి తిరిగొచ్చింది. అందరూ పగలబడి నవ్వారు. కాసేపటికి ఇంకో అమ్మాయి అదే పని చేసింది. మళ్లీ నవ్వారు. మూడో అమ్మాయి కూడా వేసినప్పుడు ఎవరూ నవ్వలేదు. గోడ అవతల గొంతు ఏదో రైలు పేరు చెప్పి ఆగిపోయింది.

సార్ ఆ మూలలో ఒక కొత్తమ్మాయిని నిలబెట్టారు. మంచి ఆటే ఆ పిల్లది. కానీ అక్కడ నాలుగు పూటలు కూడా నిలబడలేదు.

"నేను గీడ నిలవడ సార్" అంది.

"ఎందుకే? బంతులు మంచిగనే ఒస్తున్నయి గద."

"ఒస్తున్నయి. నాకోసం ఒస్తలేవు."

ఆ పిల్ల కుడి వైపుకు వెళ్లిపోయింది. మూల ఖాళీగా ఉండిపోయింది. ఏళ్ల తరబడి ఒకే చోట బూట్లు రాపాడినందుకో ఏమో, అక్కడ సిమెంటు కాస్త గుంట పడింది. వాన వెలిశాక కోర్టంతా ఆరిపోయినా అక్కడ రెండు చిన్న మడుగులు మిగిలేవి, పక్కపక్కన, రింగు వైపు తిరిగిన పాదాల్లాగా. మేం వాటిని తొక్కేవాళ్లం కాదు. తొక్కొద్దని ఎవరూ చెప్పలేదు.

హిమాయత్‌నగర్ జట్టుతో మా కోర్టులో మ్యాచ్ ఆడిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది. మేం స్టేషన్ వైపు రింగులో వేస్తున్నంతసేపూ, వాళ్ల జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి ఎడమ మూల దగ్గరే ఉండిపోయింది. రెండు చేతులూ చాపి, అటూ ఇటూ జరుగుతూ, ఎవరినో అడ్డుకుంటున్నట్టు. ఆ పిల్ల అక్కను ఎప్పుడూ చూసింది కాదు. ఆట అయ్యాక నీళ్లు తాగుతుంటే అడిగాను.

"గాడ ఎవర్ని ఆపుతున్నవే?"

"మీ ఐదో మనిషిని" అంది. వెంటనే మా వైపు చూసి లెక్కపెట్టుకుంది. మా ఐదుగురమూ కుడి వైపే ఆడామని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. నీళ్ల సీసా కింద పెట్టి, వెళ్లి తన వాళ్లలో కూర్చుంది.

ఆ చలికాలంలో అక్క వాళ్ల ఆఫీసు జట్టు మా కోర్టుకు ఆడటానికొచ్చింది. రాష్ట్ర జట్టుకు ఆటగత్తెల్ని ఏరుకునేవాళ్లు కూడా వస్తారని సార్ చెప్పారు. వయసు లెక్కన నాకది ఆఖరి అవకాశం. "గిది కూడ కాకుంటే సప్పుడు చెయ్యకుండ దుకాణంల కూసుంటవా?" అన్నాడు నాన్న. కూర్చుంటానన్నాను. అక్క పోయాక నేనే కెప్టెన్‌ని. ఆ రోజు ఏమైనా సరే ఎడమ మూల వైపు బంతి వెయ్యనని మొక్కుకున్నంత గట్టిగా అనుకున్నాను.

ఆ పొద్దున ఆట మొదలయ్యేసరికి మంచు ఇంకా విడవలేదు. గోడల మధ్య తెల్లగా పొగలాగా నిలిచి ఉంది. అక్క చిక్కిపోయింది. వేరే రంగు బనియన్‌లో ఆమెను చూస్తే ఎవరో ఆమె మొహం తొడుక్కుని వచ్చినట్టనిపించింది. పలకరిస్తే తల ఊపింది, అంతే.

మొదటి సగంలో మేం బంతి వెయ్యాల్సింది స్టేషన్ వైపు రింగులో. దాన్ని కాపాడాల్సింది వాళ్లు. కాసేపు ఆట మామూలుగానే సాగింది. తర్వాత నా వెనక అడుగుల చప్పుడు, ముందు రెండు చేతులు అడ్డు. బంతి నా వేళ్లలోంచి వెళ్లిపోయింది. నేను చూడలేదు. చూడకుండా వేశానన్న సంగతి, అవతల రెండు చేతులు దాన్ని పట్టుకున్న మెత్తని చప్పుడు విన్నాకే తెలిసింది.

అక్క ఎడమ మూలలో ఉంది. ఆ గుంటల్లోనే కాళ్లు పెట్టి నిలబడింది. ఎదుటి జట్టు మనిషికి నేను బంతి ఇచ్చేశాను. ఆమె దాన్ని తీసుకుని ఆ కొసకు పరుగెత్తాలి. పరుగెత్తలేదు. పైకి లేచి, తను కాపాడాల్సిన రింగులోనే వేసేసింది. వల గుసగుసలాడింది. నేను అప్పటికే వెనక్కి పరుగెత్తుతున్నాను. మా జట్టంతా పరుగెత్తుతోంది. భయం ఏమిటంటే, వాళ్ల జట్టు కూడా, ఆ బంతి మేమే వేసినట్టు, దాన్ని తీసుకుని గీత దగ్గరికి వెళ్లిపోయింది. అందులో తప్పేదో ఉందని కాసేపు ఎవరికీ తోచలేదు. ఆ మంచులో అంతా పద్ధతి ప్రకారమే జరిగినట్టుంది.

చివరికి అంపైరే తేరుకుని, విజిల్ వేసి తల గోక్కున్నాడు. పొరపాటున సొంత రింగులో వేస్తే ఆ పాయింట్లు ఎదుటి జట్టు కెప్టెన్ వేసినట్టు రాయాలి. అది ఆట నియమం. ఆయన నా నంబరు చూసి బల్ల దగ్గర కూర్చున్న మనిషికి వేళ్లు చూపించాడు. ఆ రోజు నా పేరు మీద పడిన పాయింట్లు అవే. అవి కూడా ఆమె వేసినవే.

మేం ఓడిపోయాం. ఏరుకునేవాళ్లు నా వైపు చూడను కూడా లేదు.

ఆట అయ్యాక అక్క, నేను ఆ చాయ్ హోటల్లోనే కూర్చున్నాం. ఆమె బిస్కెట్ ముంచి, తినడం మర్చిపోయింది. అది చాయ్‌లో కరిగి పడిపోయింది.

"అక్కా, మమ్మల్ని కరాబు చేసి పోయినవ్" అన్నాను. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట.

"నేనా? మీరే నన్ను కరాబు చేసిన్రు" అంది. "గాడ మా ఆఫీసు జట్టుల ఒక్కరు గూడ సూడకుండ బంతి ఇయ్యరే. నేను పోయి మూలకు నిలవడ్త, చేతులు సాపుత. ఒచ్చేటట్టే ఉంటది, రాదు. నన్ను పిచ్చిదనుకుంటున్నరు. ఇయ్యాల నీ చేతికెల్లి ఒచ్చినంక, ఎవల తరఫున ఆడుతున్ననో నాకు యాదికే లేదు."

ఆమె చేతులు చూశాను. బల్ల మీద తెరుచుకుని ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆమె తీసుకుంది, మేం ఇచ్చాం అనుకున్నాను. ఆమె మా చేతులు ఎత్తుకుపోయిందని కోపం పెంచుకున్నాను. అవి ఆమె దగ్గర కూడా లేవని అప్పుడు తెలిసింది. స్టేషన్‌లో ఆమె రైలు పేరు చెప్పారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అలవాటుగా వంగింది. ఆ గుమ్మం ఎత్తుగానే ఉంటుంది. ఆ ఏడాదే ఆమె ఆట మానేసి కుర్చీ ఉద్యోగానికి మారిందని తర్వాత తెలిసింది.

నేను కొన్నాళ్లు దుకాణంలో కూర్చున్నాను. ఇప్పుడు బషీర్‌బాగ్‌లో ఒక చిన్న బడిలో ఆటల టీచర్ని. సార్‌కు మోకాళ్లు పట్టేశాక ఆ కోర్టు కూడా నా చేతికే వచ్చింది. మొదటి రోజే చున్నీల పద్ధతి ఎత్తేశాను. "కండ్లు దేనికున్నయే? సూసి ఎయ్యిన్రి" అని అరుస్తూ ఉంటాను. ఈ పిల్లలకు అక్క గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె ఫొటో కూడా లేదక్కడ.

అయినా వాళ్లు ఎడమ మూలకు వేస్తారు. రోజూ కాదు. ఆట బాగా వేడెక్కినప్పుడు, ఆలోచన ఆగిపోయినప్పుడు, ఎవరో ఒక పిల్ల చేతిలోంచి బంతి అటు వెళ్తుంది. గోడకు తగిలి వస్తుంది. తిడితే బిక్కమొహం వేసి, "ఏమో అక్కా, గాడ ఎవరో ఉన్నరనుకున్న" అంటారు. నేను విజిల్ వేసి ఆట మళ్లీ మొదలుపెట్టిస్తాను.

మొన్న ఆ కుర్రాళ్ల మాటలు మనసులో తిరుగుతూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున వాన వెలిసింది. పిల్లలు ఆడుతున్నారు. నేను గోడ వారగా నడిచి వెళ్లి, ఎన్నడూ తొక్కని ఆ రెండు మడుగుల్లో కాళ్లు పెట్టాను. నా పాదాలు ఆమె పాదాల కంటే చాలా చిన్నవి. గుంటలు మాత్రం సరిగ్గా సరిపోయాయి. చేతులు చాపలేదు, వాటంతట అవే లేచాయి.

అప్పుడు వచ్చింది బంతి. వేసిన పిల్ల వీపు నా వైపే ఉంది. అసలు తిరగనేలేదు. అది నా రెండు అరచేతుల్లో మెత్తగా కూర్చుంది. నా జన్మలో మొదటిసారి ఎవరో చూడకుండా నన్ను నమ్మి బంతి వేశారు. దీనికోసమేనా ఆమె అంతగా చిక్కిపోయింది అనుకున్నాను. ఆనందంతో బంతిని గుండెకు అదుముకుని నిలబడ్డాను.

వల చప్పుడు రాకపోయేసరికి ఆ పిల్ల వెనక్కి తిరిగింది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"అక్కా, నువ్వా!" అంది.

"మరి ఎవరనుకున్నవే?" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూడటం లేదు. నా తల పైన, ఒక పొడుగు మనిషి మొహం ఉండేంత ఎత్తులో, గోడకేసి చూస్తోంది.