అర్జీ వెనుక పుట

మొన్న బ్యాంకులో ఒక దరఖాస్తు అడుగున ‘పి.టి.ఓ.’ అన్న అక్షరాలు కనిపించగానే, తాతగారితో ధవళేశ్వరం వెళ్ళిన ఉదయం జ్ఞప్తికి వచ్చింది.

ఆ ఏడు కాలువ నీరందక, వరినారు పోసిన మా ఆకుమడి ఎండిపోతోంది. ఇంగ్లీషు రాని తాతగారు కాలువల ఆఫీసుకు అర్జీని నాచేత రాయించారు. పుట తిప్పమని చెప్పే ఆ మూడక్షరాలను నేను పెద్దలకు చేసే నమస్కారమనుకునేదాన్ని. అందుకే ఆయన సంతకం కింద వాటిని భక్తిగా దిద్దాను.

ఇంజనీరుగారు అర్జీ చదివి, కాగితం తిప్పారు.

“పుట తిప్పమన్నారు, వెనకాల ఏమీ లేదేంటండీ?”

నాకు తల కొట్టేసినట్టయింది. తాతగారు మాత్రం తడుముకోలేదు.

“అది తమరు రాయాల్సిన చోటండి. ఇటు మా గోడు, అటు తమరి దయ.”

ఇంజనీరుగారు పకపకా నవ్వి, నీరు వదలమని ఆ వెనుక పుట మీదే రాసి సంతకం చేశారు.

తిరుగుదారిలో నేను వెక్కివెక్కి ఏడ్చాను.

“ఏడుస్తావేంటే పిచ్చిదానా! అడిగేవాడు అవతలివాడికి కాస్త చోటు వదలాలి” అన్నారు తాతగారు.

మూడోనాటికి ఆకుమడిలో నీరు నిలిచింది. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారని చాలాకాలం నమ్మాను. ఎన్నో అర్జీలు రాసిన ఈ వయసులో, ఆయన నిజమే చెప్పారని తోస్తోంది.