ఒక్క అడుగు వెనక్కి

మా జువాలజీ సారు పోయారని ఈమధ్య హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను కూడా, ఎందుకంటే ఆయనను తలుచుకోగానే గుర్తొచ్చేది ఆయన వెనక్కి వేసే అడుగు.

పెనుకొండలో మాకు ఇంటర్ చెప్పారు. డీఎన్ఏ పాఠం మాత్రం గదిలో చెప్పేవారు కాదు. మైదానంలో నిలబెట్టి, ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టుపోగులు మా చేతులకు కట్టేవారు. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, పసుపుకు ఎదురు నీలం నిలబడాలి. ఒక వరుస డీఎన్ఏలోని పాత పోగు. దాన్ని చూసుకుంటూ సారు ఎదురుగా కొత్త వరుస పేర్చేవారు. మధ్యలో కావాలనే ఒకరిని తప్పు జతకు నిలిపేవారు. వెంటనే ఆగి, ఒక్క అడుగు వెనక్కి వేసి, ఆ మనిషిని రెక్క పట్టి లాగి, సరైనవాళ్లను నిలిపి ముందుకు సాగేవారు.

“కణంలో ఇంతే అబ్బా! నకలు తీసే ఎంజైమే దిద్దుకుంటా పోతాది. తప్పించుకున్నోళ్లను పట్టేదానికి వెనకాల ఇంకో జట్టు వస్తాది.”

ఒకసారి పాత వరుసలో ఉన్న నేను ఎండకు కళ్లు తిరిగి కూలబడ్డాను. సారు నీళ్లు తాగించి, “ఇదీ పాఠంలో ఉండాది! పాత పోగు చెడితే నకలు ఆడనే ఆగుతాది. బాగుచేసుకొని కదుల్తాది” అన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

కెమిస్ట్రీ తప్పిన ఏడాది చదువు మాని మగ్గం ఎక్కుతానన్నాను. సారు బస్సెక్కి ధర్మవరం వచ్చి మా గడపలో కూర్చున్నారు.

“ఏమ్మా, కణమే ఆగి బాగుచేసుకొని పోతాంటే నీకేమొచ్చింది?”

నాయన ఊరుకుంటాడా? “సారూ, ఆ కణానికి సప్లిమెంటరీ యాడ పెడతారు?”

“దానికి దినామూ సప్లిమెంటరీనే అప్పా!”

వాళ్ల నవ్వు చూసి నాకూ ధైర్యం వచ్చింది. ఈరోజు నేను పిల్లలకు అదే పాఠం చెబుతున్నానంటే ఆ మధ్యాహ్నం చలవే.

సారుకు క్యాన్సరని తెలిసి చూడబోతే నన్నే ఊరడించారు. “యాడో ఒక తప్పు మిగిలిపోయిందిలేమ్మా. ఇన్నేండ్లు ఆ కణం ఎన్ని దిద్దింటాదో! దాన్నేమీ అనాకు.”

సారు దినానికి పాత విద్యార్థులం హిందూపురంలో చేరాం. భోజనాలయ్యాక సారు భార్య బిస్కెట్ల డబ్బా తెచ్చి, సారు దాచుకున్న పట్టుపోగులు మా ముందు పోశారు. “కట్టుకోండప్పా, ఒకసారి చూస్తా.”

తలలు నెరిసినవాళ్లం ఇంటి ముందు రెండు వరుసలు కట్టాం. ఒకాయన అలవాటుగా తప్పు జతకు నిలబడి, దిద్దేవారి కోసం చూశాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆమె చెంగు దోపుకొని, వరుస వెంట నడుస్తూ వచ్చి, అతని దగ్గర ఆగి, ఒక్క అడుగు వెనక్కి వేశారు.