ఖయ్యూన్ మామ తారుబాతులు

ఈ నీళ్ళ మీద గాలి ఎటు వీస్తున్నదో సుమేరులు తడివేలితో చూశారు. ఖలీఫాల కాలంలో జెండా కట్టి చూశారు. ఆంగ్లేయులు వచ్చి, కర్రకు తిరిగే రేకు బిగించి చూశారు. మీసం కొసను చాయ్‌లో ముంచి చూసినవాడు మాత్రం ఇంతటి చరిత్రలో మా మేనమామ ఖయ్యూన్ ఒక్కడే. ఈ సంగతి ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు. చరిత్ర రాసేవాళ్ళు పొద్దెక్కేదాకా లేవరు, అందుకే ఎక్కలేదని మామ అభిప్రాయం.

పద్ధతి ఇదీ. చీకటి విడుతుండగా పడవను రెల్లు మధ్య ఉన్న మడుగులోకి చేర్చాలి. మామ లేచి నిలబడతాడు. గ్లాసులో మిగిల్చిన చాయ్‌లో ఎడమ మీసం ముంచి కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు ఎవరూ దగ్గకూడదు. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఉత్తరం" అంటాడు. మా చిత్తడినేలల్లో చలికాలపు గాలి దాదాపు ఎప్పుడూ ఉత్తరం నుంచే. అయినా చూడకుండా అనడం మర్యాద కాదు.

ఆ తరువాత గోనెసంచి మూతి విప్పుతాడు. అందులో ఉన్నవి దీమపు బాతులు. జమ్ము కట్టగా కట్టి, మెడ వంచి, పడవలకు పూసే తారే వాటికీ పూసి, అది ఆరకముందే నిజం బాతుల ఈకలు అతికించి చేసినవి. పైన పోతున్న బాతులు వీటిని చూసి, కింద మనవాళ్ళు తీరుబడిగా ఉన్నారనుకొని దిగాలి. అంతకుమించి వాటికి వేరే ఉద్యోగం లేదు. ఒక్కోదాని కడుపుకు ఒక తాడు, తాడు చివర ఇటుకముక్క. గుర్రపునాడా ఆకారంలో, ముఖాలన్నీ గాలికి ఎదురుగా పరుస్తాడు. నడుమ ఖాళీ ఉంచుతాడు, వచ్చే చుట్టాలు దిగడానికి. అన్నిటికంటే పెద్దది, ఒక కన్ను రాలిపోయినది ఒకటి ఉంది. దాని పేరు షేక్. దాన్ని మిగతావాటికి దూరంగా, ఎడమపక్కన ఒంటరిగా కూర్చోబెట్టాలి.

"పెద్దమనిషి వెళ్ళి అందరి మధ్యా ఇరుక్కుంటే ఇక సభకు విలువేముందిరా" అనేవాడు మామ.

గెడ వేసేది నేను. సిద్ధాంతాలు వినడం గెడ వేసేవాడి పనిలోకే వస్తుంది.

ఇంత పద్ధతైన సభకూ ఒక పీడ ఉండేది. మా అత్త ఉమ్ తామిర్ పెంచే బాతులు. రంగులో, ఆకారంలో అడవి బాతులకు అక్కచెల్లెళ్ళలా ఉండేవి. పొరుగువాళ్ళ మందలో కలిసిపోకుండా వాటి కాళ్ళకు అత్త నీలం గుడ్డపీలికలు కట్టేది. మామ పడవలో కూర్చుని బియ్యప్పిండి రొట్టె తింటాడు, తునకలు నీళ్ళలో రాలుతాయి, కాబట్టి పడవ కదిలిందంటే అవి వెనకే ఈదుకుంటూ వచ్చేవి. తారుబాతుల మధ్య దూరి, తోకలు పైకెత్తి నాచు మేస్తూ, ఊరంతా వినబడేలా కబుర్లు చెప్పుకునేవి. తాను సభ తీరిస్తే ఆమె బాతులు వచ్చి సంత చేస్తున్నాయని మామ ఇంటికొచ్చి గోల పెట్టేవాడు.

"నీ తారుముఖాలు పరామర్శకొచ్చిన వియ్యంకుల్లా బిగుసుకు కూర్చుంటే ఏ బాతు దిగుతుంది? కొంపన్నాక మాటా పలుకూ ఉండాలి" అనేది అత్త.

వాళ్ళ కాపురంలో తేలని తగాదా ఇదొక్కటే.

ప్రభుత్వం మా నీళ్ళు మళ్ళించి ఎండగట్టిన ఏళ్ళలో మేమంతా తలో దిక్కూ అయ్యాం. మామ కుటుంబం కూత్ పట్నంలో ఒక రొట్టెల కొట్టు వెనక గదిలో తలదాచుకుంది. కొట్టు అబూ షాకిర్‌ది. చుట్టం కాదు, మా తెగవాడూ కాదు. వీధిలో పిల్లలతో నిలబడ్డవాళ్ళను చూసి, లోపలికి రండి అన్నాడు, అంతే. నీళ్ళు తిరిగి వచ్చేదాకా ఆ పిల్లలు ఒక్కనాడు కూడా ఆకలితో పడుకోలేదు. మామ వెంట తెచ్చుకున్న ఆస్తి గోనెసంచి ఒకటే. పిండిబస్తాల మధ్య దానికీ చోటు దొరికింది. పని లేనప్పుడు అబూ షాకిర్ షేక్‌ను బయటికి తీసి, వేలితో తట్టి, మామను కొడుకు పేరుతో పిలుస్తూ, "అబూ తామిర్, ఈయన పిలిస్తే వచ్చే బాతును నేనెప్పుడు తింటాను?" అని అడిగేవాడు. నీళ్ళు రానీ, నీ పళ్ళెంలో పెడతానని మామ మాట ఇచ్చాడు.

నీళ్ళు వచ్చాయి. అబూ షాకిర్ రాలేదు. ముందు కొట్టు, తరువాత మోకాళ్ళు అడ్డం వచ్చాయి. చివరికి ఒక చలికాలం కబురు పెట్టాడు. కొడుకు కారులో తీసుకొస్తున్నాడు, ఒక్క రోజు ఉంటాను, మళ్ళీ రావడం కుదురుతుందో లేదో అని.

అత్త ముందుచూపు గలది. దిగాయా సరే, దిగకపోతే నా బాతొకటి కోద్దాం, పట్నంవాడు, ఆయనకేం తెలుస్తుంది అంది.

"ఆయనకు తెలియదు. షేక్‌కు తెలుస్తుంది" అన్నాడు మామ.

అంతటితో ఆగకుండా, ఆమె బాతులన్నిటినీ గంపల కింద మూయించాడు.

ఆయన వచ్చిన మర్నాడు వేకువనే అబూ షాకిర్‌ను రెండు కంబళ్ళలో చుట్టి పడవ ముందుభాగంలో కూర్చోబెట్టాం. మామ మీసం ముంచాడు. ఉత్తరం అన్నాడు. అబూ షాకిర్ సుభానల్లా అన్నాడు. సభ తీరింది. మేం రెల్లులో దాక్కున్నాం.

బాతులు వచ్చాయి. చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయాయి. ఇంకో గుంపు వచ్చింది, అదీ అంతే. మామ పడవ ముందుకు తీయించి షేక్‌ను మూరెడు ఎడమకు జరిపాడు. తరువాత అదే మూరెడు కుడికి జరిపాడు. మంచు ఎక్కువైందన్నాడు. నా గెడ చప్పుడు చేస్తోందన్నాడు. పొద్దెక్కింది. మంచూ పోయింది, నేనూ కదలడం మానేశాను, బాతులు మాత్రం దిగలేదు.

"దిగకపోతే పోనీలే అబూ తామిర్. ఎంత అందంగా కూర్చున్నాయో చూశాను, చాలు" అన్నాడు అబూ షాకిర్.

ఆ మాటతో మామ ముఖం చిన్నబోయింది. తుపాకి ఒళ్ళో పెట్టుకుని, "మాట ఇచ్చాను కదా" అన్నాడు మెల్లగా, ఎవరితోనో అన్నట్టు.

అప్పుడు వినబడింది కబుర్ల చప్పుడు. గేదెలకు లేతరెల్లు కోయడానికి అత్త తన పడవలో వస్తోంది, వెనక వరసగా బాతులు. గంపలు ఎవరు ఎత్తారని నేను అడగలేదు. అవి తిన్నగా సభలోకి దూరి తోకలు పైకెత్తాయి. వేటలో అరవకూడదు గనుక మామ పళ్ళు మాత్రం కొరికాడు. ఈలోగా దాటిపోతున్న గుంపొకటి ఆ గోల విని వెనక్కి తిరిగింది. రెక్కలు బిగించింది. వచ్చి నడుమ ఖాళీలో దిగింది. మామ బిస్మిల్లా అని రెండు గొట్టాలూ పేల్చాడు.

పొగ విడేసరికి మిగిలినవన్నీ లేచిపోయాయి, మూడు మాత్రం నీళ్ళ మీద కొట్టుకుంటున్నాయి. మామను, అతిథిని గట్టున దింపి, నేను పడవ తోసుకెళ్ళి, హలాల్ కావాలి గనుక ప్రాణం ఉండగానే వాటిని కోశాను. అప్పటికే అత్త పడవ పక్కకు వచ్చింది. నా చేతిలోంచి మూడింటినీ తీసుకుని కోసిన రెల్లు కిందికి తోసేసింది.

"వీటి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మీ మామను చూడు."

చూశాను. ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడుస్తున్నారు. తుపాకి పొగ కళ్ళలో పడిందని ఇద్దరూ చెప్పారు.

ఆ పూట అన్నం మీద మూడు బాతులూ వచ్చాయి. అబూ షాకిర్ వేళ్ళు నాకుతూ, ఎక్కడో మంచుదేశం నుంచి ఎగురుకుంటూ వచ్చిన పక్షికి ఇంత కొవ్వు ఎలా పట్టిందని ఆశ్చర్యపోయాడు.

"దూరప్రయాణం పెట్టుకున్నవాడు కడుపునిండా తినే బయల్దేరతాడు" అన్నాడు మామ.

ఆ వెనక ఉత్తరపుగాలి గురించీ, షేక్ కూర్చోవలసిన చోటు గురించీ చాయ్ చల్లారేదాకా చెప్పాడు. అత్త తలుపు దగ్గర నిలబడి, "అన్నయ్యకు ఇంకో ముక్క వెయ్యండి" అంది. ఆ రోజు ఆమె మామను ఒక్క మాటా అనలేదు. వెళ్ళేటప్పుడు మామ షేక్‌ను అబూ షాకిర్ చేతుల్లో పెట్టాడు. కూత్‌లో రొట్టెల అల్మారా మీద అది ఇప్పటికీ ఉంది, ఎడమపక్కన, ఒంటరిగా.

మామ పోయాక ఆయన విద్య పోలేదు. ఆ వేట కథ ఊరూరా పాకి, మా కుర్రకారు చాలామంది చాయ్‌లో మీసం ముంచి గాలి చూస్తున్నారు. మీసం రానివాళ్ళు అన్నదమ్ముల మీసం అరువడుగుతున్నారు. షేక్ ఆ రోజు మూరెడు కుడికి జరగడం వల్లే బాతులు దిగాయా, లేక మామ మొదట పెట్టిన చోటే సరైనదా అన్నదాని మీద సావిడిలో పెద్దలు రెండు పక్షాలుగా చీలిపోయారు.

నేను కోసిన ఆ మూడు బాతుల్లో రెండింటి కాళ్ళకు నీలం పీలికలు ఉన్నాయి.