పసుపు లేని పిలుపు

శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగేలోగా ఉషారాణి ఒకే ప్రశ్నకు అయిదు భాషల్లో జవాబు చెప్పింది. బండి ఎప్పుడొస్తుందన్నది ప్రశ్న. బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఎంక్వయిరీ కిటికీ వెనక ఆమెది ఇరవై ఆరో ఏడు. హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, తెలుగు, ఏదీ బళ్లో నేర్చుకున్నది కాదు, అన్నీ ఆ కిటికీలోంచి వచ్చిపడ్డవే. "కతకా బేర్ ఆహీ, నోనీ?" (ఎన్నింటికొస్తుంది, పిల్లా?) అని ఓ ముసలమ్మ తల లోపలికి పెడితే, మనిషి కర్గీ రోడ్ వైపుదో చకర్‌భాటా వైపుదో ఆ ఒక్క ముక్కతో చెప్పేయగలదు.

ఇంత తెలిసిన మనిషికి పన్నెండు మంది పిల్లలు దొరకలేదు.

రైల్వే కాలనీలో తెలుగువాళ్లు మూడు తరాలుగా ఉన్నారు. తాతలు శ్రీకాకుళం నుంచి పట్టాల పనికి వచ్చారు. మనవలు నానమ్మతో తెలుగులో గారాలు పోయి హిందీలో దెబ్బలాడుకుంటారు. తెలుగు అక్షరం చూపిస్తే జిలేబీని చూసినట్టు చూస్తారు. వాళ్ల కోసం ఉషారాణి తొమ్మిదేళ్లుగా కాలనీ సంఘం గదిలో ఆదివారం క్లాసు నడుపుతోంది. పోయినేటి పిల్లలు పరీక్షల పేరు చెప్పి మానేశారు. కొత్తగా పన్నెండు పేర్లు ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా రాసివ్వకపోతే గది జుంబా డాన్సుకు ఇచ్చేస్తామని సంఘం నెల కిందటే చెప్పేసింది.

ఆమె అప్పుడే వెళ్లి తెలుగు సమితి అధ్యక్షుణ్ణి సాయం అడిగింది. అక్కడే పని చెడింది.

అధ్యక్షుడు జానకిరామ్ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. భాష మీద ప్రేమ ఆయనకు ఏడాదికి రెండుసార్లు, మైకు ముందు, పొంగుకొస్తుంది. రైల్వేవాళ్లు మాట్లాడేది తెలుగే కాదని ఆయన ఉద్దేశం. ముందు మీవాళ్ల చేత ఆ 'ఏటి' మాన్పించాలమ్మా అని ఉషారాణికి హితవు కూడా చెప్పాడు. నెహ్రూ నగర్‌కూ కాలనీకీ మధ్య ఆటోలో పావుగంట. ప్రపంచంలో ఇన్ని భాషలెందుకు పుట్టాయో ఆమెకు ఆ పావుగంటలో అర్థమైంది. మనుషుల్ని కొండలూ నదులూ విడదీస్తే మాటలు వేరైపోతాయి, నిజమే. కానీ పక్కనే ఉండి కూడా, మేం మీలాంటివాళ్లం కాదని చెప్పుకోవడానికి మనిషికి ఓ మాట కావాలి. దొరక్కపోతే తయారు చేసుకుంటాడు.

కరపత్రం ఆయనే రాశాడు. 'అమృతతుల్యమగు మాతృభాషా మాధురిని గ్రోలుటకై' అని మొదలై, ఊపిరి తిప్పుకోకుండా పద్నాలుగు పంక్తులు నడిచింది. తెలుగుతో పాటు హిందీ అక్షరాల్లోనూ వేయిద్దామని ఉషారాణి బతిమాలింది.

"తెలుగు నేర్పే పిలుపు పరాయి లిపిలోనా?" అన్నాడాయన.

"చదవడం వస్తే వాళ్లకి క్లాసెందుకండీ?"

ఆయన చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. మూడు వందల కార్డులు వేయించి కాలనీలో ఇంటింటికీ పోస్టులో పంపించాడు. తెల్లటి కార్డు, నల్ల సిరా. పైన గుండ్రటి చట్రంలో తన ఫొటో. కింద తేదీ, సమయం అంకెల్లో. గది చిరునామా మటుకు, పోస్టుమేన్ కోసమట, ఇంగ్లీషులో.

కాలనీలో పిలుపు కార్డు ఎవరూ చదవరు. మూలలు చూస్తారు. పసుపుంటే పెళ్లి, దేవుడి ముందు పెడతారు. పసుపు లేకుండా నల్లక్షరాలూ, పైన మనిషి బొమ్మా ఉంటే పెద్దకర్మ. తేదీ గుర్తుపెట్టుకుని గుమ్మం అవతలే చింపేస్తారు. అలాంటిది ఇంట్లో ఉంచకూడదు. చదువు పోయినా ఆచారం పోలేదు గనక జానకిరామ్ మూడు వందల గుమ్మాల ముందు ముక్కలైపోయాడు.

ఆదివారం పదకొండింటికి ఉషారాణి బోర్డు తుడిచి, సుద్దముక్కలు సర్ది కూర్చుంది. మొదట లోకో షెడ్డులో ఫిట్టరు గిరిబాబు వచ్చాడు, తెల్ల చొక్కాలో, చేతిలో బంతిపూల దండతో. తర్వాత పట్టాల గ్యాంగులో చేసి రిటైరైన అమ్మన్న, ఆ వెనక కాలనీలో అందరికీ అత్త అయిన చిన్నతల్లి. ఒకరొకరుగా పదకొండు మంది వచ్చి, గొంతులు తగ్గించుకుని, బల్లల మీద సర్దుకున్నారు. ఒక్కరి వెంటా పిల్లలు లేరు. చావు భోజనానికి పిల్లల్నెవరు తెస్తారు?

పిల్లలేరీ అని ఉషారాణి అడుగుతుండగానే పట్టుపంచెలో జానకిరామ్ దిగాడు. గిరిబాబు దండ వెనక్కి దాచుకోబోయాడు. ఆయన కళ్లకు అది అప్పటికే ఆనింది. తన కోసమేనని ఎదురుగా వచ్చి మెడ వంచాడు. గిరిబాబు ఇంకేం చేస్తాడు, వేశాడు.

దండతోనే ఆయన ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆదిలో భాష ఒక్కటేనట, స్వచ్ఛమైనదట. పామరుల నాలుకలు తిరక్క ముక్కలై ఇన్ని వేల భాషలైందట. ఇరవై నిమిషాలు విన్నాక చిన్నతల్లి లేచింది.

"ఏటి బాబూ, తవరు బతికే ఉన్నారేటి? నాను పొద్దుట్నించి టీ నీల్లు కూడా తాగనేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. గిరిబాబు కార్డు సంగతి చెప్పాడు, సగం హిందీలో. జానకిరామ్ దండ తీసి బల్ల మీద పెట్టాడు.

ఉషారాణి గడియారం చూసింది. పదకొండూ నలభై. నవ్వడానికి టైము లేదు. సంఘం కాగితం మరోసారి చదివింది. విద్యార్థులు పన్నెండు మంది అని ఉంది. వయసు మాట లేదు.

"ఎలాగూ వచ్చారు. మీకే నేర్పుతాను, పేర్లు రాయండి," అంది.

చిన్నతల్లి వెనక్కి తగ్గింది. తనకు ఏ భాషలోనూ అక్షరం రాదనీ, ఇంతమంది చదువుకున్నోళ్ల మధ్య ఈ వయసులో కూచోలేననీ సణిగింది. మిగిలినవాళ్లు రాశారు, పది. ఉషారాణి జానకిరామ్ వైపు తిరిగింది. ఆయన మనవరాలు మైత్రికి తొమ్మిదేళ్లు. తెలుగులో ఒక్కక్షరం రాదని వాళ్ల నానమ్మ శాంతాదేవే చెప్పింది.

"మైత్రిని పంపండి సార్."

"ఆదివారాలు దానికి ఫ్రెంచి క్లాసమ్మా," అన్నాడాయన, ఏ మాత్రం తడుముకోకుండా. భోజనం వేళయిందని వెళ్లిపోయాడు. దండ అక్కడే ఉండిపోయింది.

అమ్మన్న ఫోను చేసి భార్యను రప్పించాడు. వంట మధ్యలో వచ్చిన ఆవిడ తడి చేత్తోనే సంతకం పెట్టి వెళ్లింది. ఉషారాణి కాగితం, స్టాంపు ప్యాడు తీసుకుని చిన్నతల్లి ముందు కూర్చుంది.

"అత్తా, ఏలిముద్దర తప్ప ఇంకేటీ అడగను."

ముసలామె అటూ ఇటూ చూసి బొటనవేలు చాచింది.

పన్నెండుకు నాలుగు నిమిషాలుండగా కాగితం సంఘానికి చేరింది. తెలుగు క్లాసు విద్యార్థులు పన్నెండు మంది. హిందీలో సంతకాలు పదకొండు, వేలిముద్ర ఒకటి.