మామ మోటర్ల దుకాణం, నా ఎర్ర పెన్ను సూత్రాలు

ఆ రోజులల్ల లోకంల నాకు తెలియని విషయం లేదనుకునేదాన్ని. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంక దొరకలేదు. ఆ రెంటి మధ్యల మనిషికి వచ్చే ధైర్యం మళ్ల ఎన్నడూ రాదు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక మేడ మీద నలభై రోజులు కూసొని, జనం నెట్‌ల ఏదన్న వెతికినప్పుడు ఏ వెబ్‌సైటు ముందు వస్తది, ఏది వెనక పడతది అన్న విద్య నేర్చుకొని వచ్చిన. (నేర్చుకున్న అని అనుకున్న.) మాకు చెప్పిన సారు దగ్గర అన్నిటికీ ఒక అంకె ఉండేది. ఒకే మాట పేజీల ఇన్నిసార్లు రావాలె, పేజీ ఇంత పొడుగుండాలె, పొద్దుగాల లేవంగనే అందుల ఏదన్న ఒకటి మార్చాలె. "ఎందుకు సార్" అని ఎవరన్న అడిగితే "అల్గారిథం అట్లనే ఉంటది" అని పైకప్పు దిక్కు చూసేటోడు. మేమందరం కూడ పైకప్పు దిక్కే చూసేటోళ్లం. ఆయన చెప్పినవన్నీ నోటుబుక్కుల ఎర్ర పెన్నుతోని రాసుకున్న.

ఆ విద్యను నేను మొట్టమొదలు ప్రయోగం చేసింది మా మేనమామ మీద. మామకు ఇబ్రహీంపట్నంల బోరు మోటర్లు బాగు చేసే దుకాణం ఉన్నది. కాలిపోయిన మోటరు తెస్తే ఇప్పి, లోపలి రాగితీగ తీసేసి, కొత్త తీగ చుట్టి ఇస్తడు, దాన్నే వైండింగ్ అంటరు. ఇరవై ఏండ్లు సాగర్ రోడ్డు మీదనే ఉండె. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ మడిగె పోయింది, వెనక గల్లీల పిండిగిర్ని పక్కన ఒక చిన్న గది దొరికింది. గల్లీ లోపలికి ఎవరూ రాకపోయిరి. మామ పొద్దంత స్టూలు మీద కూసొని, తుడిచిన పానాలనే మళ్ల తుడుస్తుండె. ఒకనాడు అత్త మా అమ్మకు ఫోన్ చేసింది. "రావిర్యాల దిక్కు ఒక కంపెనీల పని ఉన్నదట వదినా, మీ తమ్ముడు దుకాణం మూసేసి పోతనంటుండు" అన్నది. "పోతె మంచిదే గదా" అన్నది అమ్మ. "మంచిదే. కానీ రాత చూడు, మోటరు చప్పుడు విని రోగం చెప్పే మనిషి, అక్కడ గేటు కాడ రిజిస్టర్‌ల సంతకం పెట్టి లోపలికి పోవాలె" అన్నది. నేను అమ్మ చేతుల నుంచి ఫోన్ గుంజుకొని "నేనున్న గదా అత్తా" అన్న. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకు నాకే భయమైతది.

వారం రోజులల్ల మామకు వెబ్‌సైటు తయారు చేసిన. మొదటి వాక్యం నాకు ఇప్పటికీ నోటికొస్తది: "ఇబ్రహీంపట్నంల మోటరు వైండింగ్ కావాలంటే ఇబ్రహీంపట్నం మోటరు వైండింగ్ దుకాణంల ఇబ్రహీంపట్నం మోటరు వైండింగ్ చేయించుకోండి." మామ అద్దాలు పెట్టుకొని మెల్లగ చదివిండు. "బిడ్డా, ఇది చూస్తే నాకు నత్తి ఉన్నదనుకుంటరు" అన్నడు.

"ఇది మనుషులు చదివేటందుకు కాదు మామ, మిషన్ చదివేటందుకు."

"మరి మోటరు తెచ్చేది మిషనా?"

నేను జాలిగ నవ్విన. చదువుకోనోళ్లతోని ఓపిక ఉండాలని ఆ వయసుల నాకు గట్టి నమ్మకం. (మామ ఐటిఐ చదివిండు. నేను పుట్టక ముందే.) ఆ తర్వాత చుట్టుపక్కల ఊర్ల పేర్లన్నీ, మంచాల నుంచి బాలాపూర్ దాక, పేజీ కింద తెల్ల రంగు మీద తెల్ల అక్షరాలతోని రాసిన. కంటికి కనపడవు, సెర్చ్‌కు మాత్రం కనపడతయని మా సారు చెప్పిన రహస్యం. "ఎవరికీ కనపడకుండ రాసుడెందుకు" అని మామ అడిగిండు. "ఎవరికీ కనపడొద్దు, అదే కిటుకు" అన్న. మామ ఆ పొద్దు అత్తతోని "పిల్ల సరిగ్గ తింటుందా లేదా కనుక్కో" అన్నడట.

అంతటితోని ఆగినానా అంటే లేదు. ఎంత ఎక్కువమంది నొక్కితే అంత పైకి లేస్తదని చెప్పి చుట్టాలందరికీ పని అప్పజెప్పిన. అమ్మ సీరియల్‌ల ప్రకటనలు వచ్చినప్పుడల్ల నొక్కేది. అత్త కూర వండుకుంట పసుపు చేతులతోని నొక్కి నొక్కి ఫోన్ అంత పచ్చగ చేసుకున్నది. మా నాన్నైతే నొక్కినంక మొత్తం చదవకపోతే మర్యాద కాదని రోజూ మొదటి నుంచి చివరి దాక చదివేటోడు. ఇంకొకాయన నెట్‌లనే పరిచయమై, వంద సైట్లల మన సైటు పేరు పెట్టిస్తనన్నడు. పెట్టిచ్చిండు కూడ. జుట్టు ఊడకుండ నూనె అమ్మేటోళ్ల సైటు, తెలియని భాషల ఒక జూదం సైటు, కుక్కపిల్లలకు పేర్లు చెప్పే సైటు. వీటన్నిటికి మామ మోటర్లతోని ఏం సంబంధమని నేను ఒక్కనాడు కూడ అడగలేదు. ఆఖరుకు మొదటి పేజీ మీద నీళ్లు ఎగజిమ్మే ఒక బొమ్మ పెట్టిన, చప్పుడుతోని సహా. అది తెరుచుకునే లోపల చాయ్ తాగి రావచ్చు.

ఈ నడుమల మామ రెండుసార్లు ఒక మాట చెప్పిండు. "బిడ్డా, ఎవరో ఫోన్ చేసి, మేము సాగర్ రోడ్డు మీద నిలబడ్డం, ఇక్కడ మురికి మోరీ తప్ప ఏం లేదు, దుకాణం ఏది అంటున్నరు. నెట్‌ల గట్ల చూపిస్తుందేమో, జర చూడు." రెండుసార్లు నేను ఒకటే జవాబు చెప్పిన: "అది చిన్న సంగతి మామ, ముందుగాల ర్యాంకు రానియ్యి."

మూడో నెలల ర్యాంకు వచ్చింది. పొద్దుగాల దుకాణం కాడ కూసొని నా ఫోన్‌ల వెతికితే మామ దుకాణం అందరికంటె పైన ఉన్నది. మళ్ల చూసిన, ఉన్నది. ఉరికి జిలేబి తెచ్చి పిండిగిర్ని ఆయనతోని మొదలుపెట్టి గల్లీ అంత పంచిన. మామ నా ముఖం చూసి, ఫోన్ చూసి, ఏమీ అడగకుండ రావిర్యాల కంపెనీకి ఫోన్ చేసి "నేను రాను సార్, వేరే మనిషిని చూసుకోండ్రి" అని చెప్పిండు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎంత తేటగున్నదంటే, చేతుల ఉన్న జిలేబి తినుడు మర్చిపోయి అట్లనే చూసిన.

వారం తిరగక ముందే మీర్‌పేట్‌ల మా పెద్దమ్మ కొత్త ఇంటి గృహప్రవేశం అయింది. భోజనాల కాడ నేను నా ఘనకార్యం మొదలుపెట్టిన. పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, బ్యాంకుల పని చేస్తది. ఎడమచేత్తోని ఫోన్ తీసి వెతికింది. "ఏది, లేదు గదనే" అన్నది. నీ ఫోన్ పాతదన్న. పక్కన కూసున్న బావ తన ఫోన్‌ల చూసిండు, లేదు. వరుసల ఉన్నోళ్లందరు చూసిండ్రు, ఏ ఫోన్‌ల లేదు. అక్క వేలుతోని కిందికి కిందికి జరుపుకుంట పోతనే ఉన్నది. "రోజుకు ఎన్నిసార్లు తెరుస్తవ్ ఆ సైటు?" అని అడిగింది. "ముప్పై, నలభై" అన్న. "అయితే నీ ఫోన్‌కు నీ సంగతి తెలిసిపోయింది. నువ్వు దుకాణం పక్కనే ఉంటవ్, రోజంత అదే చూస్తవ్, అందుకే నీకు అదే ముందు పెడుతుంది. మాకెందుకు పెడతది?" అన్నది. అంతటితోని ఊకున్నా బాగుండేది. మ్యాపు కూడ తెరిచి, "మామ దుకాణం ఇంక సాగర్ రోడ్డు మీదనే చూపిస్తుంది గదా, గల్లీలకు మారి ఎన్నాళ్లైంది?" అని అడిగింది. మామ ఎదురు వరుసలనే ఉన్నడు. అంత విన్నడు. "అన్నం చల్లారుతుంది, తినుండ్రి" అన్నడు, అంతే. (నేను తినలేకపోయిన అని రాస్తే బాగుంటది గానీ, నిజం చెప్పాలె, రెండుసార్లు పెట్టించుకున్న. ఏడుపొస్తే నాకు ఆకలైతది.)

తిరిగొచ్చేటప్పుడు బస్సుల మామ పక్కనే కూసున్న. "కంపెనీకి మళ్ల ఫోన్ చేస్తవా మామ" అని అడిగిన.

"చేసిన. ఆ జాగల వేరేటోళ్లు చేరిండ్రట."

"ఎప్పుడు చేసినవ్?"

"మొన్న. ఎవరూ వస్తలేరు గదా అని." కిటికీల నుంచి బయటికి చూసుకుంట అన్నడు. తర్వాత నా దిక్కు తిరిగిండు. "ఫికర్ చెయ్యకు. వైండింగ్‌ల మొదటి చుట్టు తప్పు పడితె నేను మొత్తం ఇప్పేస్త. సగం ఉంచితె మళ్ల కాలుతది. నువ్వు కూడ అంత ఇప్పెయ్యి."

తెల్లారి అంత ఇప్పేసిన. తెల్ల అక్షరాలు పోయినయి, నత్తి పోయింది, నీళ్ల బొమ్మ పోయింది. జూదం సైటోళ్లకు మా పేరు తీసెయ్యుండ్రని రాస్తే జవాబు రాలేదు. సెర్చ్ నడిపేటోళ్లే సైట్లు ఎట్ల పెట్టుకోవాల్నో పేజీలకు పేజీలు రాసి పెట్టిండ్రని నాకు అప్పుడే తెలిసింది. ఆ నలభై రోజులల్ల మేము దాన్ని ఒక్కసారి కూడ తెరవలేదు. నా ఎర్ర పెన్ను సూత్రాలల్ల సగం అందుల లేనే లేవు, మిగిలిన సగం చెయ్యొద్దన్న జాబితాల ఉన్నయి. మొదలు మ్యాపుల దుకాణం జాగ మార్చిన, పిండిగిర్ని పక్కన అని రాసి బోర్డు ఫోటో పెట్టిన. సైటు మామ పాత ఫోన్‌ల, పొలం కాడ సిగ్నల్ అంతంత మాత్రం ఉన్నచోట తెరిచి చూసిన, తెరుచుకున్నది. తర్వాత స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసుకొని కూసొని, ఫోన్‌ల జనం మామను ఏమడుగుతరో, మామ ఏం చెప్తడో, అదే రాసిన. "మోటరు తిరుగుతుంది, నీళ్లు సరిగ్గ వస్తలేవు" అని ఒకాయన అంటే, "ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఏమన్న రిపేరు చేసిండ్రా? అయితే మోటరు ఉల్టా తిరుగుతుండొచ్చు. కరెంటు బంద్ చేపిచ్చి, తెలిసినోళ్లతోని స్టార్టర్‌ల రెండు వైర్లు అటుదిటు మార్పియ్యి" అన్నడు మామ. ఆయన మాటలే పెట్టిన, ఒక్క అక్షరం పెంచలేదు.

నెల దాక ఏమీ కాలేదు. రెండో నెలల ఒక ట్రాలీ ఆటో దారి అడగకుండనే గల్లీలకు వచ్చి ఆగింది, వెనక ఒక మోటరు. అత్త పిండిగిర్ని కాడనుంచి చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నది. తర్వాత వారానికి ఒకటి, అటెన్క రెండు. ఒకనాడు యాచారం అవతల నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసిండు. నెట్‌ల చదివి వైర్లు మార్పిచ్చిన, నీళ్లు మంచిగ వస్తున్నయి, మీకు చెప్పాలని చేసిన అన్నడు. నాకు పానం ఉసూరుమన్నది. "మంచిగ రాసి మనమే ఒక గిరాకీని పోగొట్టుకున్నం మామ" అన్న. మామ నన్ను వింతగ చూసిండు. "ఆయన మోటరు నడుస్తుంది గదా" అన్నడు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌ల ఒక ఆఫీసుల ఇదే పని చేస్తున్న. మొదటి నంబరు గ్యారంటీనా అని అడిగేటోళ్లు రోజూ వస్తరు. గ్యారంటీ ఎవరూ ఇయ్యలేరని చెప్తే నా ముఖం దిక్కు అనుమానంగ చూస్తరు. మొన్న ఆదివారం మామ దగ్గరికి పోయినప్పుడు, ఇన్నేండ్లకు మొదటిసారి ఆయనే అడిగిండు, మన దుకాణం ఎన్నోది వస్తుందని.

"ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు మామ. ఎక్కువసార్లు రెండోది."

"మరి మొదటిది ఎవరిది?"

హయత్‌నగర్‌ల ఒకాయనది అని పేరు చెప్పిన. మామ తీగ చుట్టుడు ఆపకుండనే తల ఊపిండు. "మంచి పనోడు. ఆయన ముందుండుడే న్యాయం" అన్నడు. ఇరవై రెండేండ్ల నన్ను ఆ స్టూలు మీద కూసోబెట్టి ఈ మాట వినిపియ్యాలని మస్తు అనిపించింది. విని ఉంటే ఆ పిల్ల మామ దిక్కు జాలిగ చూసి, ఎర్ర పెన్ను మూత తీసేది.