పేరు పిలవని కోతల పండుగ

మా ఆయన సుందరరాజు చెడ్డవాడని ఎవరూ అనలేదు. చెడ్డవాడైతే నాకింత విసుగు పుట్టేది కాదు. తాగడు, చెయ్యెత్తడు, ఎవరి గుమ్మం ముందూ నిలబడి మాట పడడు. ఆయనకున్న జబ్బల్లా గ్రీకు.

గిద్దలూరు పక్క పల్లెలో, చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టిన మనిషికి గ్రీకు ఎట్లా అంటుకుందంటే, అది మిషన్ దొరల పుణ్యమే. స్వతంత్రం వచ్చి దొరలంతా పెట్టెలు సర్దుకుంటున్న రోజుల్లో ఈయన ఉపదేశుల బడిలో చదువుతున్నాడు. అక్కడొక ముసలి దొరగారు చెప్పడానికి ఎవరూ దొరక్క ఈయన్ని కూర్చోబెట్టి గ్రీకు అక్షరాలు దిద్దించాడు. వెళ్తూ వెళ్తూ తన గ్రీకు కొత్త నిబంధన, ఒక లావుపాటి నిఘంటువు ఈయన చేతిలో పెట్టాడు. నన్ను పెళ్ళి చేసుకున్నప్పుడు ఈయనకున్న ఆస్తి అదే. మా నాయన వాటిని చూసి అల్లుడు గొప్ప చదువరి అని మురిసిపోయాడు. ఆ చదువుతో కాపురం చేయాల్సింది ఆయన కాదు కదా.

ఆదివారం వాక్యం చెప్పడానికి లేచి, "ఈ మాటకు గ్రీకులో ఏముందంటే" అని మొదలుపెడితే పిల్లలు ఆవలించేవాళ్ళు, ముసలివాళ్ళు చుట్ట ముట్టించుకోవడానికి బయటికి పోయేవాళ్ళు. ఈయన ఆగడు. హనుమంతునిపాడు వైపు ఒక ఊళ్ళో ఉపవాసం అనే మాట మీద సంఘ పెద్దలతో వాదన పెట్టుకున్నాడు. మమ్మల్ని చంద్రశేఖరపురం వైపు పంపించారు. అక్కడ ఇంకొక మాట, ఇంకొక వాదన. ఊరు మారిన ప్రతిసారీ నేను కొత్తగా పొయ్యి మెత్తుకున్నాను, కొత్త ఇరుగుపొరుగును మంచి చేసుకున్నాను. ఆయన మాత్రం నిఘంటువును గుడ్డలో చుట్టుకుని బండెక్కేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు తర్లుపాడు దగ్గర ఒక పాలేనికి వచ్చాం. అప్పట్లో మాది కర్నూలు జిల్లాయే. పాలెంలో అందరివీ వాన మీద ఆధారపడే తునకలు తునకల చేలు. చేలో పని లేనప్పుడు పలకల గనికి పోయి రాయి కొట్టేవాళ్ళు. ఒక్క గది బడిలో ఈయనే పంతులు, ఆదివారం అదే గుడి, ఈయనే ఉపదేశి. పిల్లలు ఈయన చేతిలో గుణింతాలు నేర్చుకుంటుంటే చూసి, ఇక ఈ ఊరు వదిలేది లేదని గట్టిగా అనుకున్నాను. ఆయనతో చెప్పాను కూడా. "వదిలేది మన చేతిలో ఉందా" అన్నాడు.

నిజమే, మన చేతిలో లేదు. దొరల డబ్బు ఆగిపోయింది. ఏ పాలెం ఉపదేశిని ఆ పాలెమే పోషించుకోవాలని, ఏడాది గ్రాసం, అంటే ఉపదేశి తిండిగింజలు, కోతల పండుగ నాడే రావాలని, రాని చోట ఉపదేశిని తీసేసి ఆ పాలేన్ని పక్క ఊరి గుడిలో కలిపేస్తామని మార్కాపురం నుంచి పాస్టరుగారు వచ్చి చెప్పారు. ఉపదేశి పోతే బడీ పోతుంది.

ఈ పాలెంలో కోతల పండుగకు ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళు ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికిలి తీసి చిన్న మట్టి గురిగిలో వేస్తారు. అది దేవుడి గురిగి, ఎంత కరువొచ్చినా దాన్ని ముట్టరు. పైర్లు ఇంటికి చేరినాక పండుగ నాడు ఆ గురిగి, దాంతోపాటు చేని గింజలు, కోడో మేకపిల్లో తెస్తారు. సంఘ పెద్ద ఓబులయ్య గుడి ముందర నిలబడి ఒక్కో ఇంటి పేరూ పిలుస్తాడు. వాళ్ళు తెచ్చింది ఎత్తి చూపించి, ఏమిచ్చారో గట్టిగా చెబుతాడు. ఏమీ తేని ఇంటిని కూడా పిలుస్తాడు.

మేము వచ్చిన మొదటి పండుగకు అట్లాగే పిలిచాడు. "యల్లయ్య గారూ" అన్నాడు. యల్లయ్య భార్య సుబ్బులు ఆ ఏడంతా మంచంలో ఉంది. పొయ్యి వెలిగితే కదా గురిగిలో పిడికిలి పడేది. యల్లయ్య ఖాళీ చేతులతో లేచి నిలబడ్డాడు. "యల్లయ్య గారి ఇల్లు, ఈ యేడు లేదు" అని ఓబులయ్య అందరికీ వినిపించేట్టు చెప్పి పక్క పేరు పిలిచాడు. యల్లయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారాల్లో గుడికి రాలేదు, గనికి పోయాడు.

మా ఆయనకు అది ముల్లులా దిగబడింది. మరుసటి పండుగ దగ్గర పడుతుండగా ఓబులయ్యను ఇంటికి పిలిచి, పుస్తకం తెరిచి కూర్చున్నాడు. నేను రొట్టెలు తడుతూ వింటున్నాను.

"పెద్దయ్యా, పౌలు కొరింథు సంఘానికి ఇయ్యడం గురించి రాసినాడే, అందులో మన తెలుగులో సణగకుండా ఇయ్యమని ఉంది. గ్రీకులో అక్కడుండే మాట లూపె. సణుగుడు నోటిది. లూపె అంటే లోపలి దుఃఖం. పైకి ఒక్క మాట అనకపోయినా, లోపల ఏడుస్తా ఇస్తే అది లూపెతో ఇచ్చినట్టే."

"సరే, ఎవురు ఏడ్సినారు ఇప్పుడు?" అన్నాడు ఓబులయ్య.

"ఇంకొకటి అనాంకె, బలవంతం. మెడ మీద ఏదో కూసోని ఇప్పిస్తాదే, అది. నలుగురిలో పేరు పిలిస్తే అదే గదా? ఇచ్చేటోడు ముందే మనసులో ఎంచుకోని ఇయ్యాల. దేవుడు ఎవుర్ని ప్రేమిస్తాడంటే హిలరోస్ అని రాసినాడు. మనసు తేలికై, ముఖం విప్పారి ఇచ్చేటోణ్ణి."

ఓబులయ్య చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మా నాయన కాలం నుంచి పిలస్తా ఉండాం అయ్యగారూ. పిలవకపోతే ఇయ్యరు."

"ఇస్తారు. మనుషుల్ని నమ్మాల."

ఓబులయ్యకు నచ్చలేదు. కానీ గ్రీకు వచ్చినవాడితో ఏమని వాదిస్తాడు? అయ్యగారి ఇష్టం అని లేచిపోయాడు. నేను మాత్రం అడిగాను. "మీ హిలరోస్ మన గాదె నింపుతాదా?" అని. నీకు విశ్వాసం తక్కువ అన్నాడు. విశ్వాసం సంగతి దేవుడికి తెలుసు, జొన్నల డబ్బాలో ఎంతుందో నాకు తెలుసు.

ఆ పండుగకు గుడి మూలన అడ్డంగా గొంగడి కట్టాడు. దాని వెనక పెద్ద గంప పెట్టాడు. ఒక్కొక్కరే లోపలికి పోయి, తోచింది పోసి రావాలి. పేర్లు లేవు, పిలుపుల్లేవు. జనం ముఖముఖాలు చూసుకున్నారు. యల్లయ్య ఆ రోజు గుడికి వచ్చాడు. గొంగడి వెనక్కి పోయి తెచ్చింది వేసి, నెమ్మదిగా బయటికొచ్చి తన చోట కూర్చున్నాడు. మా ఆయన నా వంక చూశాడు. గెలిచిన చూపు అది.

అందరూ పోయాక గొంగడి తీశాం. గంప సగమైనా నిండలేదు. గురిగి అనేదే ఒక్కటీ లేదు.

నాకు వచ్చిన కోపం ఇప్పుడు చెబితే నవ్వుతారు. ఆయనతో మాట్లాడకుండా నేరుగా రోశమ్మ ఇంటికి పోయాను. రోశమ్మ మొగుడు పోయిన మనిషి. పగలు గనిలో రాయి మోస్తుంది. పాలెంలో గురిగి నిండుగా ఇచ్చేది ఆమేనని అందరూ చెప్పేవాళ్ళు. ఆ గురిగి ఆమె ఇంట్లో గూటిలోనే ఉంది, మూతి దాకా నిండి.

"ఏందత్తా, గింజలు ఇంట్లోనే పెట్టుకున్నావు? మేం తినేదానికి లేకుండా పోవాలనా?" అన్నాను.

ఆమె నన్ను కూర్చోమని చాప వేసింది. ఆమెకూ కోపంగానే ఉంది. "మీరు తినగూడదని గాదు మాలకొండమ్మా. గనికాడ మేస్త్రీ నన్ను ఏమే అంటాడు. రెడ్డోళ్ళ దొడ్లో ఒసే అంటారు. నాకో పేరుందని ఎవురికీ తెల్దు. యాడాదికి ఒక్కనాడు ఓబులయ్య మామ అంతమందిలో రోశమ్మ గారూ అని పిలస్తాడు. నేను లేసి పోతా. ఆ పిలుపు కోసరమే యాడాదంతా పిడికిలి తీసి పెడతా. మీ ఆయన దానికి గొంగడి కట్టినాడు. దొంగసొత్తు మాదిరి మూలకు పోయి పోసి రావాల్నా నేను?"

ఇంటికొచ్చి ఆ మాటలన్నీ ఆయన ముందు పెట్టాను. ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఆమె ముఖం నేను చూసినా. పోయిన పండక్కి పిలిచినప్పుడు ఎట్ల ఎలిగిపోయిందో చూసినా. అదే హిలరోస్, మాలకొండమ్మా" అన్నాడు.

"అయితే ఆ ముఖానికి గొంగడి ఎందుకు కట్టినారు?" అన్నాను.

పాస్టరుగారు వచ్చి గంప చూశారు. ఆయన కోప్పడలేదు, దానికే నాకు భయం వేసింది. వచ్చే ఆదివారం మళ్ళీ పండుగ చేయమన్నారు. అప్పటికీ ఇంతే అయితే, బడి మూసి తర్లుపాడులో కలిపేయడం తప్ప దారి లేదన్నారు.

ఆ వారమంతా మా ఆయన సరిగ్గా తినలేదు. పిలిస్తే యల్లయ్య మెడ వంగుతుంది, పిలవకపోతే రోశమ్మ పేరు పోతుంది. చివరికి ఒక దారి వెతికాడు. పేర్లు పిలవాలి, అందరినీ గారు అనే పిలవాలి. ఏం తెచ్చారో మాత్రం చెప్పకూడదు, ఎత్తి చూపకూడదు. లేని ఇల్లు అనే మాట రాకూడదు. వట్టి చేతులతో వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టి పోవచ్చు. ఓబులయ్య సణిగాడు గానీ ఒప్పుకున్నాడు. నాకు కూడా ఇది బాగానే ఉందనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆదివారం గుడి నిండింది. "రోశమ్మ గారూ" అని ఓబులయ్య గట్టిగా పిలిచాడు. ఆమె కొంగు సర్దుకుని, గురిగి రెండు చేతులా పట్టుకుని, కావాలనే నెమ్మదిగా నడిచింది. మా ఆయన సంతోషం దాచుకోలేకపోయాడు. ఇళ్ళు ఒక్కొక్కటే వస్తున్నాయి, గంప నిండుతోంది. చివర్లో యల్లయ్య పేరు వచ్చింది.

"యల్లయ్య గారూ."

యల్లయ్య లేచాడు, చేతిలో ఏమీ లేదు. దణ్ణం పెట్టి పోవచ్చని అందరికీ ముందే చెప్పాం. ఆయన దణ్ణం పెట్టలేదు. "ఉండు మామా, వస్తా" అని బయటికి పోయాడు. అందరం ఎదురుచూశాం. కాసేపటికి పంచె చెంగులో మూట కట్టుకుని పెద్ద పెద్ద అంగలతో వచ్చాడు. మూట విప్పి సజ్జలు గంపలో పోశాడు. తల ఎత్తి అందరి వంకా చూశాడు. అంతగా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు. మంచం దిగి గోడ పట్టుకుని వచ్చిన సుబ్బులు కూడా గుడి వాకిట్లో నిలబడి నవ్వింది.

"చూసినావా ఆ ముఖం" అని మా ఆయన నా చెవిలో అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. గ్రాసం సరిపోయిందని పాస్టరుగారు ఒప్పుకున్నారు. బడి నిలిచింది, మేమూ నిలిచాం.

మరునాడు గింజలు వేరు చేద్దామని చేట పట్టుకుని కూర్చున్నాను. పైనున్న సజ్జల్లో చెయ్యి పెడితే చెయ్యంతా బూడిద అయింది. మధ్య మధ్య ఎండిన వేపాకు. పురుగు పట్టకుండా బూడిద కలిపి, వేపాకు వేసి దాచేది తినే గింజల్ని కాదు, విత్తనాన్ని. యల్లయ్య వచ్చే తొలకరికి చేలో చల్లుకోవడానికి దాచినదంతా తెచ్చి పోసేశాడు.

చేట తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ సజ్జలన్నీ ఏరి, మూట కట్టి, యల్లయ్య ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట పోయాను. యల్లయ్య గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"తీసుకపో అయ్యగారూ" అన్నాడు.

"ఇది విత్తనం యల్లయ్యా. నీకు కావాల."

"నాకు తెల్దా విత్తనమని? గారు అని పిలిపించుకున్నంక వట్టి చేతులు సూపమంటావా? నేను ఇచ్చినా. నలుగురూ సూసినారు. ఇప్పుడు నా మూట నా ఇంటికి తెస్తే నేను ఇయ్యనోణ్ణి అయితా. పోయిన యాడాదికంటే అది పెద్ద అవమానం."

"నిన్నెవురూ బలవంతం చేయలేదు గదా."

"సేయలేదు. సంతోషంగానే ఇచ్చినా. నువ్వే గదా సంతోషంగా ఇయ్యమంటివి?" అని యల్లయ్య తలుపు వేసుకున్నాడు.

మూట ఎత్తుకుని వెనక్కి వచ్చాం. నాకు ఆయన మీద కోపం, యల్లయ్య మీద కోపం, ఆ పాస్టరుగారి మీద, దొరల మీద కోపం. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ మూటను ఆయన పొయ్యి పక్కన పెట్టి, అన్నిటికంటే ముందు అవే వండమన్నాడు. ఉంచినా యల్లయ్య తీసుకోడు, పారేస్తే పాపం. బూడిద పోయేదాకా కడిగి, దంచి, సంకటి చేశాను. తొలకరికి యల్లయ్య విత్తనం అప్పు కోసం రెడ్డి గుమ్మంలో నిలబడాల్సి వస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

సంకటి ముద్ద కంచంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. "ఇచ్చేటోడి ముఖం ఎట్ల ఉండాల్నో మీ పుస్తకంలో రాసినాడు గదా. తినేటోడి ముఖం ఎట్ల ఉండాల్నో యాడన్నా రాసినాడా?" అని అడిగాను.

ఆయన తల ఎత్తకుండా ముద్ద మింగాడు, మళ్ళీ ఇంకొక ముద్ద తీసుకున్నాడు.